తోక తెగిన మాట

ముప్పై ఒక్కేళ్ళ ఉద్యోగంలో నేను నిజంగా చచ్చేంత పని చేసింది ఒక్కరోజే. అది కూడా మధ్యాహ్నం భోజనానికి ముందు, ఓ పావుగంట. మిగతా కాలమంతా అందరిలాగే సంతకాలు పెట్టాను, టీలు తాగాను, నా కిందివాళ్ళ మీద అరిచాను, పైవాళ్ళు నా మీద అరిస్తే తల ఊపాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఎవరైనా "సార్, మీ అనుభవంతో నాలుగు మంచి మాటలు చెప్పండి" అని అడిగితే ఆ పావుగంట గురించే చెబుతాను. మిగతా దాంట్లో మీకు పనికొచ్చేది ఏమీ లేదు.

మాది రేణిగుంటలో ఆఫీసు ఉన్న ఒక కంకర కంపెనీ. చిత్తూరు దాటాక, తమిళనాడు సరిహద్దు కొండల్లో మాకో క్వారీ ఉండేది. కొండకు మందు పెట్టి పేల్చడం, ఆ బండల్ని క్రషర్లో వేసి కంకర చేయడం, రోడ్డు పనులకు పంపడం, ఇదీ మా వ్యాపారం. ఆ కొండల్లో సెల్‌ఫోను టైం చూసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్ళు మాట్లాడుకోవడానికి వాకీటాకీలు ఉండేవి. వాటిని మేమందరం 'సెట్లు' అనేవాళ్ళం. ఆ సెట్లు ఎంచడం, కొనడం, రిపేరు చేయించడం నా పని. నా బల్ల మీద 'కమ్యూనికేషన్స్ ఇన్‌ఛార్జి' అని బోర్డు కూడా ఉండేది. ఇంట్లో నేను చెప్పేది ఎవరూ వినేవాళ్ళు కాదు గానీ ఆఫీసులో మాత్రం నాకా హోదా దక్కింది.

క్వారీలో పాత సెట్లు ఇటుకరాయంత ఉండేవి. గరగరమని ఒకటే గోల. కానీ ఒక మంచి గుణం ఉండేది. సిగ్నలు తగ్గితే ముందే మూలిగేవి, మాట అందడం లేదని తెలిసిపోయేది. అవి ముసలివైపోయాయి, కొత్తవి కొనాలన్నారు. మూడు కంపెనీలవాళ్ళు తమ సరుకు పట్టుకుని వచ్చారు. నేను శాస్త్రీయంగా పరీక్షించాను. అంటే ఆఫీసు మొదటి అంతస్తు నుంచి ఒక్కో సెట్టునూ కింద పడేశాను. బకెట్ నీళ్ళలో ముంచాను. గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఒకటి ఇచ్చి, నేను నా గదిలో కూర్చుని "హలో, హలో" అన్నాను. వాచ్‌మన్ "వినపడతాండాది సార్" అన్నాడు. కిటికీలోంచి కూడా వినపడింది, అది వేరే సంగతి.

మూడింటిలోకీ చిన్నదాన్ని ఎంచాను. చొక్కా జేబులో పట్టేది. రంగుల తెర ఉండేది. అన్నిటికంటే ముఖ్యం, దాని లోపల ఒక ఇంగ్లీషు దొరసాని ఉండేది. మీట తిప్పగానే "చానెల్ వన్" అని ముద్దుగా చెప్పేది. మా జనరల్ మేనేజరు ఆ గొంతు మూడుసార్లు విని, "ఇదే బాగుందయ్యా" అన్నాడు. అదీ మా ఎంపిక కమిటీ.

అయితే కంపెనీలో ఒక నియమం ఉండేది. ఏ సెట్టు కొన్నా ముందు క్వారీలో మూడురోజులు వాడి చూసి, ట్రయల్ రిపోర్టు రాయాలి. ఆ సెట్లు అమ్మే అబ్బాయి చెన్నై నుంచి కారు వేసుకుని వచ్చాడు. ఇద్దరం బయల్దేరాం. దారిలో కాణిపాకం. వినాయకుణ్ణి చూడకుండా పోతే ఎట్లా అని ఆగాం. దర్శనానికి రెండు గంటలు పట్టింది. చిత్తూరు చేరేసరికి భోజనాల వేళ. భోజనం బాగుంది. బయట ఎండ బాగాలేదు. ఆ అబ్బాయి ఫ్యాను కింద కాగితం పరిచి, తన తమిళ యాసలో, "క్వారీలో ట్రయల్ అంతా ఫార్మాలిటీ దా సార్. మీరు ఆఫీసులోనే బ్రహ్మాండంగా పరీక్ష చేసినారే" అన్నాడు. పొగిడితే కరిగే జాతి నాది. 'క్వారీ అన్ని మూలల్లోనూ మాట స్పష్టంగా వినిపించినది' అని రాసి, చేతులు కడుక్కుని వచ్చి సంతకం పెట్టాను. తప్పుడు ప్రమాణం చేసినవాణ్ణి వదలడని పేరున్న దేవుడి గుడికి పోయి వస్తూ చేసిన పని అది.

సెట్లు క్వారీకి చేరాయి. రెండు నెలలకు అక్కడి మైన్స్ మేనేజరు నుంచి ఉత్తరం వచ్చింది. 'సెట్లు మాటల తోకలు కోస్తున్నాయని సిబ్బంది చెప్పుచున్నారు.' నేను నవ్వి, 'సిబ్బందికి సెట్టు వాడుట నేర్పవలెను' అని జవాబు రాశాను. ఇంకో ఉత్తరం వచ్చింది. ఈసారి ఒళ్ళు మండి, తప్పు వాళ్ళదేనని నిరూపించడానికి నేనే పోయాను. క్వారీలోకి ఆ సెట్లతో నేను అడుగుపెట్టడం అదే మొదటిసారి.

పేల్చడానికి అక్కడ ఒక పద్ధతి ఉండేది. రాతిలో మందు కూరాక సైరన్ మోగుతుంది. కొండ చుట్టూ పోయే బండిదారి మీద, మలుపు దగ్గర, ఒకామె ఎర్రజెండా పట్టుకుని నిలబడుతుంది. మనుషులు గానీ మేకలు గానీ లోపలికి పోకుండా చూడటం ఆమె పని. పేల్చేవాణ్ణి అక్కడ బ్లాస్టరు అంటారు. అతను దూరంగా రాతిగోడ చాటున కూర్చుని సెట్టులో ఆమెను అడుగుతాడు. ఆమె సరేనంటే చిన్న సైరన్ మోగించి మీట నొక్కుతాడు. అతనికి దారి కనపడదు. అంతా ఆమె మాట మీదే.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. కొండ కింది ఊరామె. ఇరవయ్యేళ్ళు రాళ్ళు కొట్టి, నడుము పోయాక జెండా పట్టుకుంది.

"ఏమ్మా, సెట్టు పనిచేయడం లేదని రాసింది నువ్వేనా?" అన్నాను.

"రాసేదానికి నాకు సదువు యాడిది సార్? నేను నోటితో చెప్పినా. మేనేజరు సారు రాసినాడు."

"ఏంది దాని బాధ?"

"తోక కోస్తాండాది సార్. నేను మాట నిండుగా చెప్తా. ఆ పక్కకు సగమే పోతాది."

"నువ్వు బటను సరిగ్గా నొక్కవు. మాట అయ్యేదాకా వదలకూడదు."

"నొక్కేదానికి అది కనపడితే గదా! సింతగింజంత పెట్టినారు. చేతికి ఈ గ్లౌజులొకటి ఏసుకోమంటారు. మాట ముగిసేలోపలే జారిపోతాది. కావాలంటే నువ్వే ఏసుకుని సూడు."

గ్లౌజులు వేసుకోవాలన్నది కంపెనీ ఆజ్ఞ. సెట్టు ఎంచేటప్పుడు నాకు గ్లౌజుల సంగతే గుర్తు రాలేదు. ఆ ముక్క ఒప్పుకోవడం ఇష్టం లేక, "నేను మలుపు అవతలికి పోయి మాట్లాడతా. నీకు వినపడుతుందో లేదో చూడు" అన్నాను.

"ఈ పొద్దు ఆ పక్కకు పోవద్దు సార్. మందు పెట్టేసినారు. ఇంక కాసేపట్లో పేలుస్తారు."

"రెండు నిమిషాల్లో వచ్చేస్తాను."

"రెండు నిమిషాలనే అందరూ పోయేది" అని ఆమె జెండా అడ్డం పెట్టింది.

నేను జెండాను చేత్తో పక్కకు నెట్టి ముందుకు పోయాను. ఎర్రజెండాలు కూలీలకూ మేకలకూ గానీ, బల్ల మీద బోర్డు ఉన్నవాళ్ళకు కాదని అప్పట్లో నా నమ్మకం.

మలుపు తిరిగి, పాడైపోయి నిలబడిన ఒక టిప్పరు దాకా పోయాను. "హలో, హలో, వన్ టూ త్రీ" అన్నాను. జవాబు లేదు. ఇంకొంచెం ముందుకు పోయాను. అప్పుడు నా చేతిలోని సెట్టులో బ్లాస్టరు గొంతు గంట కొట్టినట్టు వినిపించింది.

"పేల్చొచ్చునా అక్కా?"

వెంటనే ఆమె గొంతు. "పేల్చొ..."

అంతే. ఆపైన నిశ్శబ్దం.

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగి మన భాష గురించి ఆలోచించండి. ఇంగ్లీషువాడు వద్దనే మాట ముందే చెప్పేస్తాడు, తర్వాత ఏం వద్దో చెబుతాడు. మనం పనంతా ముందు చెప్పి, చేయాలో వద్దో చివర్న తేలుస్తాం. పేల్చొచ్చు. పేల్చొద్దు. రెండింటికీ తల ఒకటే, ఒళ్ళు ఒకటే, తేడా అంతా తోకలోనే. ఆ తోకను నేను కొన్న సెట్టు రెండు నెలలుగా కోస్తూనే ఉంది. రోజూ ఆమె "పేల్చొచ్చు" అంటే బ్లాస్టరుకు "పేల్చొ" అనే వినపడేది. రోజూ అతను పేల్చేవాడు. ఏ ఇబ్బందీ రాలేదు. ఆ రోజు ఆమె "పేల్చొద్దు" అంది. అతనికి రోజూ వినపడేదే వినపడింది.

ఇదంతా నాకు అప్పుడే తట్టిందనుకోకండి. అప్పుడు నాకు తట్టింది ఒక్కటే, చిన్న సైరన్ మోగుతోందని. సెట్టు పైకెత్తి "ఆపండి" అని అరుస్తూ బటను నొక్కాను. చెమట చేతికి వేలు జారి పక్క మీటను తిప్పేసింది. లోపలి దొరసాని ఏ తొందరా లేకుండా "చానెల్ టూ" అంది. ఆ చానెల్లో వినేవాళ్ళు ఎవరూ లేరు.

నేను పరుగెత్తాను. యాభై నాలుగేళ్ళ వయసులో, పొట్టతో, లెదరు చెప్పులతో. టిప్పరు కిందికి దూరాను. అక్కడ అప్పటికే క్వారీ కుక్క ఒకటి చేరి పడుకుని ఉంది. దానికి సైరన్ అర్థం నాకంటే ముందే తెలిసినట్టుంది. నన్ను చూసి కొంచెం జరిగి చోటిచ్చింది.

నేల ఒక్కసారి ఎగిరింది. తర్వాత రాళ్ళు. పైన రేకు మీద ఎవరో రోకళ్ళతో దంచుతున్నట్టు పడ్డాయి. ఒక ముక్క చక్రానికి తగిలి ఎగిరి వచ్చి నా మడమను కొట్టింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. దేవుడు గుర్తుకొచ్చాడని చెబితే బాగుంటుంది గానీ, నిజానికి కుక్కను గట్టిగా కౌగిలించుకోవడం తప్ప ఏమీ గుర్తు లేదు.

దుమ్ము కాస్త తగ్గాక ముందుగా కనపడిన మొహం జెండా అమ్మదే. ఆమె తన చోటు వదిలేసి, జెండా ఊపుకుంటూ నాకోసం మలుపు దాటి పరుగెత్తుకొచ్చింది. ఆ రాళ్ళ వానలో సగం ఆమె చుట్టూ కూడా పడింది. ముంజేతి మీద తోలు లేచి రక్తం కారుతోంది. అది చూసుకోకుండా నన్ను రెక్క పట్టి బయటికి లాగింది.

"పానం ఉండాదా సార్? మాట్లాడు! నోరు తెరిసి మాట్లాడు!"

"ఉందమ్మా" అన్నాను.

ఆ మాట వినగానే అందుకుంది. "ఎర్రజెండా అంటే ఏమనుకుంటివి? పెండ్లిలో కట్టిన తోరణమనుకుంటివా? ఇంట్లో నీకు పెండ్లాం బిడ్డలు లేరా?"

అటునుంచి బ్లాస్టరు ఏడుస్తూ వచ్చాడు. "పేల్చమన్నావు గదక్కా! నువ్వు చెప్తేనే గదా నేను పేల్చింది!"

"వద్దన్నాను రా! మా నాయన మీద ఒట్టు, వద్దనే అన్నాను!"

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అబద్ధం రాసినవాణ్ణి మధ్యలో నేలమీద కూర్చుని మడమ పట్టుకున్నాను.

మరుసటి రోజు ఇంట్లో కాలికి కట్టుతో పడుకుని ఉంటే జనరల్ మేనేజరు ఫోన్ చేశాడు. "ఎట్లా ఉందయ్యా కాలు? ఎల్లుండి క్వారీలో విచారణ. నువ్వు పెద్దగా కష్టపడొద్దు. ఆ జెండా ఆమె తప్పు సంకేతం ఇచ్చిందని రెండు లైన్లు రాసివ్వు, చాలు. కాంట్రాక్టు మనిషే కదా, ఇంకొకరు వస్తారు. సెట్ల జోలికి పోవద్దు. అది మనిద్దరం సంతకం పెట్టిన ఫైలు."

నేను "సరే సార్" అన్నాను. ధర్మం కోసం వెంటనే లేచి నిలబడ్డానని రాసుకోవచ్చు, అడిగేవాళ్ళు ఎవరూ లేరు. కానీ లేవలేదు. ఆ రెండు లైన్లు రాసి, మడిచి, దిండు కింద పెట్టుకున్నాను.

సాయంత్రం ఏమీ తోచక, ఇంటికి తెచ్చుకున్న రెండు సెట్లలో ఒకటి వంటింట్లో చపాతీలు చేస్తున్న నా భార్యకిచ్చాను. "నేను కాఫీ పెట్టొచ్చా అని అడుగుతాను. నువ్వు పెట్టొచ్చు అనో, పెట్టొద్దు అనో చెప్పు. ఏది చెప్పావో నేను కనిపెడతాను."

"మీ కాలికి తగిలింది మడమ మీదనేనా?" అని అడిగి, పిండి చేత్తోనే సెట్టు అందుకుంది.

పదిసార్లు అడిగాను. చాలాసార్లు నాకు వినపడింది "పెట్టొ" మాత్రమే. పిండి చేతికి బటను జారిపోతూనే ఉంది. నేను ఒకసారి తప్పు చెబితే ఆమె, "అంత కష్టమెందుకు? వద్దనే అన్నాననుకోండి" అంది. తర్వాత వచ్చి సెట్టు నా పక్కన పెడుతూ అడిగింది. "ఆ క్వారీలో ఆమెకు కూడా ఇట్లాంటిదే ఇచ్చినారా?"

"ఊఁ."

"మరి ఆమెదేం తప్పు?"

ఆమె చపాతీలు మాడుతున్నాయని లోపలికి పోయింది. దిండు కింది కాగితం తీసి చించాను. చించాక కూడా చాలాసేపు దానికి బదులు ఏం రాయాలో తెలియలేదు. అన్నేళ్ళ ఉద్యోగంలో నా తప్పు నేను రాసుకునే అలవాటు లేదు మరి.

విచారణ క్వారీ ఆఫీసు గదిలో జరిగింది. జనరల్ మేనేజరు, మైన్స్ మేనేజరు, నేను ఒక పక్క. బ్లాస్టరు, జెండా అమ్మ ఎదురుగా. అతను "పేల్చమనింది" అంటాడు. ఆమె "వద్దన్నాను" అంటుంది. గంటసేపు ఇదే. చివరికి జనరల్ మేనేజరు విసుగెత్తి, "ఇద్దర్నీ కారులో ఎక్కించుకుని కాణిపాకం పోదాం. దేవుడి ముందర ప్రమాణం చేస్తే నిజమేదో తేలిపోతుంది" అన్నాడు.

"ఇప్పుడే పదండి సార్" అని ఆమె లేచి నిలబడింది. బ్లాస్టరు కూడా లేచాడు.

నేనూ కట్టు కాలితో లేచాను. "వాళ్ళు అక్కర్లేదు సార్. ప్రమాణం చేయాల్సింది నేను. ఈ సెట్లకు క్వారీలో ట్రయలే జరగలేదు. నేను రాసిన రిపోర్టు దొంగది. ఆ రోజు నేను క్వారీకి రానే లేదు."

"మరి యాడున్నావు?" అన్నాడు మైన్స్ మేనేజరు.

"కాణిపాకంలో."

జనరల్ మేనేజరు మొహం కందగడ్డలా అయింది. "దేవుడి దగ్గర కూర్చుని దొంగ రిపోర్టు రాసినావా?"

"దేవుడి దగ్గర కాదు సార్. చిత్తూరు హోటల్లో."

మైన్స్ మేనేజరు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. జెండా అమ్మ మాత్రం నవ్వలేదు. నన్నే చూస్తూ ఉంది. కోపమూ కాదు, జాలీ కాదు. ఎండలో చాలాసేపు నిలబడ్డాక నీడకు వచ్చిన మనిషి చూపు.

నా బల్ల మీది బోర్డు తీసేశారు. స్టోర్సుకు మార్చారు, రిటైరయ్యేదాకా నట్లూ బోల్టుల మధ్య ఉన్నాను. స్టోర్సుకు పోయేముందు ఒక్క పని మాత్రం నా చేతే చేయించాలని మైన్స్ మేనేజరు పట్టుబట్టాడు. కొత్త సెట్లు ఎంచడం. "ఈసారి ఈడ నిలబడి ఎంచాల" అన్నాడు. వాళ్ళ కోపం తీర్చుకునే పద్ధతి అదే అనుకుంటాను. మూడురోజులు, చిత్తూరు ఎండ, నెత్తిన తువ్వాలు.

పరీక్ష పెట్టింది జెండా అమ్మ. గ్లౌజులు వేసుకుని, క్రషర్ ఆడుతుండగా, మలుపు దగ్గర నిలబడి ఏదో ఒక మాట చెబుతుంది. గోడ చాటున బ్లాస్టరు తనకు వినపడింది చెబితే నేను రాసుకోవాలి. ఆమె "మేకలొచ్చె" అంటే ఒక సెట్టులో అతనికి "కేకలొచ్చె" అని వినపడింది. ఇంకొక సెట్టు అన్నిటికంటే ఖరీదైనది, అందులోనూ దొరసాని ఉంది. "నాకంటే ముందు ఈమె మాట్లాడతాండాది. నేనెందుకింక?" అని ఆమె దాన్ని తిరిగి ఇచ్చేసింది. చివరికి ఎంచింది పాత సెట్టులాగే ఇటుకంత ఉన్నదాన్ని. బటను అరటికాయ ముక్కంత. బొటనవేలు పెడితే జారదు. సిగ్నలు తగ్గితే గట్టిగా కూత పెట్టి చెబుతుంది. ఇది కాక, మాటను అందుకుని మళ్ళీ అవతలికి విసిరే పెట్టె ఒకటి కొండ నెత్తిన పెట్టించాం.

"సెట్టు మారింది సరే. మాట మారకపోతే ఏం లాబం?" అన్నాడు బ్లాస్టరు. "రేపు దీని బటనూ అరిగిపోతాది."

నాలో పాత ఆఫీసరు లేచాడు. "పేల్చొద్దు అనే బదులు 'ఆగు' అనండి. పొట్టి మాట."

ఆమె పకపకా నవ్వింది. "దాని తోక తెగితే ఏమయితాది సార్?"

ఆలోచించాను. 'ఆ' అవుతుంది. ఆ అంటే సరే అని.

కాసేపు ముగ్గురం ఎండలో నిలబడి తెలుగులో మాటలన్నిటికీ తోకలు కోసి చూశాం. ఆమే పట్టింది. "'నిలుపు' అంటే? తోక తెగినా 'నిలు' మిగులుతాది. అదీ అదే అర్థం." పేల్చమనడానికి 'దారి ఖాళీ' అనుకున్నాం. ఈ రెండూ కాక ఇంకేది వినపడినా పేల్చకూడదు. మూడురోజుల ట్రయల్లో మాకు దొరికిన గొప్ప విషయం ఈ మూడు ముక్కలే.

కొత్త సెట్లతో మొదటి పేలుడు చూడటానికి జనరల్ మేనేజరు ఇద్దరు అతిథులతో వచ్చాడు. ఫొటో బాగా వస్తుందని జెండా దాటి లోపలికి పోయి నిలబడ్డాడు. సైరన్ మోగింది.

"అక్కా, దారి ఎట్లుండాది?"

"నిలుపు" అంది ఆమె. బటను వదలకుండా ఇంకోసారి, "నిలుపు."

"నిలిపినా."

జనరల్ మేనేజరు చేయి ఊపాడు. "ఏం ఫరవాలేదు, కానివ్వమను. నేను ఇక్కడి నుంచే చూస్తాను."

ఆమె సెట్టు దించి నడుముకు తగిలించుకుంది. జెండా నేలకు ఆనించి నిలబడింది. ఒక నిమిషం. అయిదు నిమిషాలు. క్రషర్ ఆగింది. లారీలు ఆగాయి. ఎండ మాత్రం ఆగలేదు. అతిథులు చెమట తుడుచుకోవడం మొదలుపెట్టారు. జనరల్ మేనేజరు జెండా పక్కనే ఉన్న నా దగ్గరికి వచ్చి, పళ్ళ మధ్య నుంచి, "ఈమెకింత పవరు ఎవరిచ్చినారయ్యా?" అన్నాడు.

"కంపెనీయే సార్. సెట్టుకు అయిదు వాట్లు."

నన్ను ఇంకా కిందికి దించడానికి స్టోర్సు కంటే కింద ఏమీ లేదు కాబట్టి ధైర్యంగానే అన్నాను. ఆయన ఒక్క చూపు చూసి, అతిథుల్ని పిలుచుకుని, జెండా వెనక్కి నడిచాడు.

ఆమె ఒక్కొక్కరి కాళ్ళనూ లెక్కపెట్టినట్టు చూసింది. చివర్న చూపు నా మీద ఆగింది.

"నువ్వు గూడా సార్. ఇంకో నాలుగడుగులు ఎనక్కి."

పోయాను. అప్పుడు సెట్టు తీసి బొటనవేలు ఆనించింది.

"దారి ఖాళీ" అంది, చివరి అక్షరం దాకా.